తియెతొకొనె: ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు

మన ఆఫీసు బిల్డింగుల్లో లిఫ్టు ఎక్కితే చాలాచోట్ల నీలం రంగు గడుల్లో నాలుగక్షరాల కంపెనీ పేరు కనబడుతుంది. ఇంగ్లీషు అలవాటుకొద్దీ మనం దాన్ని "కోన్" అని చదివేసుకుంటాం. అది 1910లో హెల్సింకీలో మొదలైన ఫిన్లాండు కంపెనీ. అసలు ఉచ్చారణ "కొనె", రెండచ్చులూ హ్రస్వాలే. ఫిన్నిష్ భాషలో దానర్థం యంత్రం. ఇంకేం లేదు, కంపెనీ పేరే "యంత్రం" అన్నమాట.

ఆ కొనె ముందు "తియెతొ" అని తగిలించండి. తియెతొకొనె. అదే ఫిన్నిష్‌లో కంప్యూటర్! తియెతొ అంటే తెలిసిన సంగతి, జ్ఞానం, సమాచారం. అంటే మన వృత్తికి ఆధారమైన యంత్రం పేరులో సగం మనం రోజూ లిఫ్టులో చూస్తూనే ఉన్నాం :-)

ఈ టపా ఆ మాట గురించే. భాషాశాస్త్రం మన సబ్జెక్టు కాకపోయినా, ఈ కథ కంప్యూటర్లతో అన్నం తినే తెలుగువాళ్ళకి కొంచెం పనికొస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే ఫిన్లాండు జనాభా అరకోటికి కాస్త ఎక్కువ, అంతే. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలోనే తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8.11 కోట్లు. అయినా వాళ్ళ చిన్నపిల్లాడి దగ్గర్నుంచి ప్రొఫెసరు దాకా అందరూ తియెతొకొనె అంటారు, మనమేమో కంప్యూటర్ అంటాం. ఎక్కడొచ్చింది తేడా? "వాళ్ళకి భాషాభిమానం ఎక్కువ, మనకి లేదు" అనేది మనం తరచూ వినే జవాబు. చరిత్ర చూస్తే ఆ జవాబు సరిపోదు.

ముందు ఆ భాష గురించి రెండు ముక్కలు. ఫిన్నిష్ చుట్టుపక్కల స్వీడిష్, రష్యన్‌ల లాంటిది కాదు. ఎస్టోనియన్, దూరంగా హంగేరియన్ దానికి చుట్టాలు. విభక్తులు మాట చివర అతుక్కుంటాయి. "తియెతొకొనేస్స" అంటే కంప్యూటర్లో, "తియెతొకొనేస్సని" అంటే నా కంప్యూటర్లో. తెలుగువాడికి ఇదేమీ వింతగా అనిపించదు. హ్రస్వ దీర్ఘాల తేడా కూడా మనకున్నట్టే ఖచ్చితంగా ఉంటుంది. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసినప్పుడు ఇలాంటి పోలికలు చూసే ద్రావిడ భాషలకి ఫిన్నిష్ వర్గంతో చుట్టరికం ఉందన్నాడు. ఆ చుట్టరికాన్ని ఇవాళ పండితులు ఒప్పుకోరు. పోలిక మాత్రం పోలికే.

ఇక మాటలో సగాలు విడదీసి చూద్దాం.

"తియెతొ"కి మూలం "తియెతా" అనే క్రియ, అంటే తెలియడం. ఆ క్రియకి మూలం "తియె", అంటే దారి! దారి తెలిసినవాడే తెలిసినవాడు. మంచు, అడవి, వేల కొద్దీ సరస్సులు ఉన్న దేశంలో దారి కనుక్కోవడం కన్నా పెద్ద చదువు ఏముంటుంది? అదే కుటుంబంలో "తియెతాయా" అనే పాతమాట ఉంది. తెలిసినవాడు అని అర్థం గానీ, పల్లెల్లో ఆ పేరు మంత్రాలతో రోగాలు నయం చేసే, జరగబోయేది చెప్పే మనిషికి వాడేవారు. కలెవాలా కావ్యంలో ముసలి నాయకుడు వైనమొయినెన్ అలాంటి తియెతాయానే.

"కొనె" ఇంకా తమాషా. పాత ఫిన్నిష్‌లో, మాండలికాల్లో కొనె అంటే మంత్రగాడి సామగ్రి, మాయ చేసే ఉపాయం. మంత్రాలు వెయ్యడానికి అదే ధాతువు నుంచి "కొనెహ్తియ" అనే క్రియ కూడా ఉంది. యంత్రం అనే అర్థం దానికి గట్టిపడింది 19వ శతాబ్దంలోనే. ఆవిరితో తనంతట తాను తిరిగే చక్రాన్ని చూసినవాడికి మాయలమారి మాట గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. మన "యంత్రం" మాత్రం ఏమిటి? తాయెత్తులో కట్టేదీ యంత్రమే, ఫ్యాక్టరీలో తిరిగేదీ యంత్రమే.

కాబట్టి తియెతొకొనెని పాత అర్థాల్లోకి తెలిగిస్తే నాకు తట్టే మాట "ఎరుకమర". ఎరుక అంటే జ్ఞానం, ఎరుక చెప్పడం అంటే భవిష్యత్తు చెప్పడం. తియెతొ, తియెతాయా మధ్య ఉన్న సంబంధం అచ్చంగా ఇదే. మర అంటే సరేసరి. (ఈ మాట వాడమని ప్రచారం చెయ్యడం లేదు, కంగారు పడకండి. కానీ "మర" సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.)

రెండు పాతమాటలు ఉన్నంత మాత్రాన కొత్త మాట పుట్టదు. మధ్యలో జరిగిందే అసలు కథ.

ఫిన్లాండు 1809 దాకా స్వీడన్ రాజ్యంలో భాగం. ఆ తర్వాత 1917 దాకా రష్యన్ జారు కింద ఉంది. 1543 ప్రాంతంలో మికాయెల్ అగ్రికొల మొదటి ఫిన్నిష్ వాచకం అచ్చువేసినా, మూడొందల ఏళ్ళపాటు ఫిన్నిష్ చర్చికీ, పొలానికీ, వంటింటికీ పరిమితం. కచేరీ, కాలేజీ, వ్యాపారం, పెద్దమనుషుల మాటామంతీ అంతా స్వీడిష్‌లోనే. చదువుకున్న ఫిన్లాండువాడు ఇంట్లో కూడా స్వీడిష్ మాట్లాడేవాడు. "ఈ పల్లెటూరి భాషలో సైన్సు చెప్పడం కుదరదు" అనడం అక్కడ కూడా మామూలే. ఎక్కడో విన్నట్టుంది కదూ?

1831లో ఫిన్నిష్ సాహిత్య సంఘం పెట్టారు. దాని మొదటి కార్యదర్శి ఎలియాస్ లొన్‌రొత్ వృత్తిరీత్యా డాక్టరు. కయానీ అనే మారుమూల ఊళ్ళో జిల్లా వైద్యుడిగా పనిచేస్తూ, కాలినడకన ఊళ్ళు తిరిగి జానపద గేయాలు సేకరించి 1835లో కలెవాలా ప్రచురించాడు. మనం ఆయన్ని అక్కడితో వదిలేస్తాం గానీ, 1839లో ఆయన రైతుల కోసం ఇంటివైద్యం పుస్తకం కూడా రాశాడు. రైతుకి అర్థమయ్యేలా వైద్యం చెప్పాలంటే మాటలు కావాలి, చాలాచోట్ల అవి లేవు. అందుకని తయారుచేశాడు. వ్యాకరణానికి "కియెలిఒప్పి" ఆయన మాటే (కియెలి = భాష, ఒప్పి = నేర్చుకునేది). సిరకీ ధమనికీ మాటలు ఆయనవే. 1866 నుంచి 1880 వరకు భాగాలుగా వచ్చిన ఆయన ఫిన్నిష్-స్వీడిష్ నిఘంటువులో రెండు లక్షలకి పైగా మాటలున్నాయి.

ఇంకో డాక్టరు వొల్మర్ షిల్డ్. సైన్సుకి "తియెదె", కళకి "తయిదె" అని 1840లలో మాటలు కట్టాడు. తియెదె మళ్ళీ మన తియెతొ చెల్లెలే. మూడో డాక్టరు సాముయెల్ రోస్. 1845లో కరెంటుకి "సాహ్కొ" అని పేరుపెట్టాడు. బుసకొట్టే చప్పుడు, నిప్పురవ్వల మెరుపు చెప్పే మాటల్లోంచి తీసిన పేరు. ఫిన్లాండులో మొదటి విద్యుద్దీపం ఎప్పుడు వెలిగిందో తెలుసా? 1882లో, తంపెరె ఊళ్ళో ఫిన్లేసన్ బట్టల మిల్లులో. అంటే బల్బు వచ్చేసరికి దాన్ని పిలవడానికి మాట 37 ఏళ్ళుగా సిద్ధంగా ఉంది.

కానీ మాటలు కట్టిన డాక్టర్లకి మాత్రమే దండ వేసి ఊరుకుంటే కథ తప్పుతోవ పడుతుంది. ఆ రోజుల్లో కట్టిన మాటల్లో బతకనివి కూడా బోలెడు. బతికినవాటిని బతికించింది ఇంకొకటి. 1858లో యువాస్కులా ఊళ్ళో ఫిన్నిష్ మాధ్యమంలో మొదటి ఉన్నత పాఠశాల పెట్టారు. 1863లో జారు రెండో అలెగ్జాండర్, స్నెల్‌మన్ అనే ఫిన్లాండు నాయకుడి పట్టుదల వల్ల, ఒక భాషా శాసనం మీద సంతకం పెట్టాడు. ఫిన్నిష్ మాట్లాడే జనానికి సంబంధించిన వ్యవహారాల్లో ఇరవై ఏళ్ళలోగా కోర్టులు, కచేరీలు ఫిన్నిష్‌ని స్వీడిష్‌తో సమానంగా వాడాలని దాని సారాంశం. స్నెల్‌మన్ మాతృభాష స్వీడిష్ అని గమనించాలి.

ఆ శాసనంతో ఏమైందంటే, ఫిన్నిష్ మాటలకి ఉద్యోగాలు దొరికాయి. పరీక్ష పేపర్లో రాయాలి, దావాలో రాయాలి, రసీదులో రాయాలి. వాడక తప్పని చోటు దొరికిన మాట అరిగి నున్నబడుతుంది, నోటికి పడుతుంది. టెలిఫోనుకి మొదట్లో వాళ్ళూ "తెలెఫోని" అనే అనేవారు. 1897లో అర్తురి కన్నిస్తొ "పుహెలిన్" అనే మాట తెచ్చాడు. కబుర్లు చెప్పుకోవడం అనే క్రియకి "సాధనం" అని చెప్పే ప్రత్యయం "ఇన్" తగిలించాడు, అంతే. అప్పటికే జనం నోట్లో ఉన్న ఎరువు మాటని పక్కకి నెట్టి అది నిలబడింది.

ఈలోపు కొనె కూడా ఖాళీగా లేదు. ఆవిరి యంత్రం హొయ్రుకొనె, కుట్టుమిషను ఒంపెలుకొనె, టైప్‌రైటరు కిర్యొయితుస్కొనె, లెక్కల మిషను లస్కుకొనె, విమానం లెంతొకొనె, బట్టలుతికే మిషను పెసుకొనె. ఏం చేస్తుందో ముందు చెప్పు, తర్వాత కొనె అను. ఇలా ఒక వరస ఏర్పడిపోయింది.

ఇప్పుడు 1950లకి వద్దాం. స్వీడన్ వాళ్ళు 1948లో "గణిత యంత్రాల బోర్డు" పెట్టి 1953 కల్లా బెస్క్ అనే కంప్యూటరు కట్టేశారు. అది చూసి 1954లో ఫిన్లాండువాళ్ళు కూడా ఒక కమిటీ వేశారు. గణితవేత్త రొల్ఫ్ నెవన్‌లిన్న, భౌతికశాస్త్రవేత్త ఎర్కి లవురిల లాంటి పెద్దలున్నారు అందులో. కమిటీ పేరులో వాడిన మాట "మతెమతీక్కకొనె", గణితయంత్రం. స్వీడిష్ మాటకి మక్కికి మక్కి. పత్రికలవాళ్ళు మాత్రం "సాహ్కొఅయివొత్" అని రాసేవారు, అంటే కరెంటు మెదడు. (పత్రికలు అన్ని దేశాల్లోనూ ఒకటే!)

ఆ కమిటీ జర్మనీలో గొటింగెన్ నుంచి ఒక డిజైను తెచ్చుకుని సొంతంగా యంత్రం కట్టడం మొదలుపెట్టింది. మన ప్రాజెక్టుల్లాగే షెడ్యూలు జారుతూ జారుతూ 1960కి పూర్తయింది. అప్పటికి ఆ డిజైను పాతబడిపోయింది. ఈలోపు 1958లోనే పోస్టల్ సేవింగ్స్ బ్యాంకు ఐబీఎం 650 కొని, "ఎన్సి" (మొదటిది) అని ముద్దుపేరు పెట్టి పనిలో పెట్టేసింది. సొంత యంత్రం పేరు "ఎస్కో". విడగొడితే "ఎలెక్త్రొనినెన్ సర్యకొంపుతాత్తొరి". గమనించారా? ఫిన్లాండులో ఫిన్నిష్‌వాళ్ళు కట్టిన మొదటి కంప్యూటరు పేరులో ఉన్నది తియెతొకొనె కాదు, "కొంపుతాత్తొరి"! కమిటీలో పండితులకి కూడా ఇంగ్లీషు ఎరువు మాటే తోచింది.

అంటే 1960 ప్రాంతంలో బరిలో కనీసం నాలుగు మాటలున్నాయి: గణితయంత్రం, కరెంటు మెదడు, కొంపుతాత్తొరి, తియెతొకొనె. 1960లు ముగిసేసరికి నాలుగోది గెలిచింది. ఎందుకు?

ఒకటి, అది వరసలో కుదిరింది. లస్కుకొనె, కిర్యొయితుస్కొనె, లెంతొకొనె తెలిసినవాడికి తియెతొకొనె అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. రెండు, పని మారింది. గణితయంత్రం అనే పేరు యూనివర్సిటీలో సమీకరణాలు సాధించడానికి బాగానే ఉంటుంది. బ్యాంకులో ఖాతాలు, ఆఫీసులో జీతాల పట్టీలు నడిపేవాడికి అది గణితం కాదు, రికార్డులు. అప్పటికే ఆఫీసుల్లో "సమాచారాన్ని ఆటోమేటిగ్గా ప్రాసెస్ చెయ్యడం" అనే పేరుతో ఒక రంగం తయారవుతోంది, దాని పొట్టిపేరు ఎ.టి.కె. అందులో నడిమక్షరం తియెతొదే. మూడోది, ముఖ్యమైనది, ఆ బ్యాంకు గుమస్తా, ఆ ఆపరేటరు, ఆ మేనేజరు తమలో తాము మాట్లాడుకునే భాష ఫిన్నిష్. మెమోలు ఫిన్నిష్‌లో, ఉద్యోగ ప్రకటన ఫిన్నిష్‌లో. మాటకి ఆ పూటే పని దొరికింది. 1968లో ఎస్పో నగరంలో ఒక డేటా ప్రాసెసింగ్ కంపెనీ పెట్టినప్పుడు దాని పేరు "తియెతొతెహ్దాస్", సమాచార కర్మాగారం!

మిగతా దేశాలు కూడా చూడండి. ఫ్రాన్సులో 1955లో ఐబీఎం వాళ్ళు ఒక భాషా ప్రొఫెసరుని అడిగి "ఆర్దినాతర్" అనే మాట తెచ్చుకున్నారు. స్వీడన్‌లో 1968లో బొర్యె లాంగెఫొర్ష్ "దాతొర్" అన్నాడు, డాక్టర్ ట్రాక్టర్‌ల ఫక్కీలో. ఐస్‌లాండ్‌లో సిగుర్దుర్ నొర్దల్ అంకె అనే మాటనీ సోదె చెప్పే ఆడమనిషి అనే మాటనీ కలిపి "తొల్వా" చేశాడు. వీటికి ఊరూపేరూ ఉన్న తండ్రులున్నారు. తియెతొకొనె విషయంలో ఆ వరసే తండ్రి అనుకోవచ్చు. వంద ఏళ్ళుగా వేసిన పట్టాల మీద ఇంకో పెట్టె వచ్చి తగులుకుంది.

తగులుకున్నాక దాని వెనక సంసారం మొత్తం వచ్చింది. డేటాబేసు తియెతొకంత, సెక్యూరిటీ తియెతొతుర్వ, డేటా కమ్యూనికేషన్ తియెతొలీకెన్నె (లీకెన్నె అంటే ట్రాఫిక్). ఫైలు తియెదొస్తొ. పుహెలిన్‌లో వాడిన ఆ "ఇన్" ప్రత్యయం గుర్తుందా? సర్వరు పల్వెలిన్ (సేవ చేసేది), బ్రౌజరు సెలయిన్ (పేజీలు తిరగేసేది), ప్రింటరు తులొస్తిన్. ఈమెయిలు సాహ్కొపొస్తి. 1845లో డాక్టరుగారు పెట్టిన సాహ్కొ ఇక్కడ తేలింది. మంచి లైబ్రరీ రాసిపెట్టుకుంటే కొత్త ప్రోగ్రాము రాయడం ఎంత సులువో వేరే చెప్పాలా?

అలాగని వాళ్ళు మడి కట్టుకున్నారనుకుంటే పొరపాటు. పొస్తి అనేదే ఎరువు మాట. రేడియో, బ్యాంకు, ఆటో అన్నీ కాస్త మార్చుకుని వాడేస్తారు. బిట్‌ని "బిత్తి" చేసుకున్నారు. కానీ బైట్‌కి మాత్రం "తవు", అంటే భాషలో వచ్చే ఒక అక్షరఖండం. మెగాబైట్ మెగతవు. ఇంటర్నెట్‌ని ముద్దుగా "నెత్తి" అంటారు (మన నెత్తి కాదు). మొబైల్‌కి "మత్కపుహెలిన్" (ప్రయాణపు ఫోను) అనే శుభ్రమైన సమాసం ఉన్నా, జనం నోట నిలిచింది "క్యాన్నుక్క". అది 1980లలో నోకియా గుంపు కంపెనీ రిజిస్టరు చేయించుకున్న పేరు! దొరికింది వాడుకున్నారు, కుదిరింది అతికించారు.

ఇప్పుడు మన సంగతి. మనకి మాటలు లేవా? కంప్యూటరుకి గణకయంత్రం, సంగణకం, కలనయంత్రం, ఇలా ఎన్ని వినలేదు! వాటిని తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే మనకి కూడా ఒక కొనె ఉంది, అదే "మర". మరమగ్గం, మరపడవ, మరతుపాకి, మరబొమ్మ. రోబో వచ్చినప్పుడు "మరమనిషి" ఎవరూ బోధించకుండానే అర్థమైంది, పేపర్లలో నిలబడింది. ఆ వరసలోంచి వచ్చింది కాబట్టి. "బండి" కూడా అంతే. ఎడ్లబండి, జట్కాబండి అన్న నోటితోనే రైలుబండి అన్నాం. ధూమశకటం మాత్రం జోకులకే మిగిలింది.

అయితే వరస ఒక్కటే చాలదు అనడానికి కూడా మన దగ్గరే రుజువుంది. "కిరణజన్య సంయోగక్రియ". ఇంతకన్నా నోరు తిరగని మాట ఉంటుందా? అయినా తెలుగు మీడియంలో చదివిన ఎవర్నైనా నిద్రలేపి అడగండి, గడగడా చెప్తారు. గతిజశక్తి, స్థితిజశక్తి కూడా అంతే. 1968లో పెట్టిన తెలుగు అకాడమి పుస్తకాలు, అంతకుముందు నుంచీ ఉన్న బడి పుస్తకాలు వాటికి ఉద్యోగం ఇచ్చాయి. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న అది. మాట అందంగా ఉందా, అచ్చతెలుగా సంస్కృతమా అన్నది తర్వాతి సంగతి. ముందు దానికి పని ఉందా లేదా? కంప్యూటరు మన దగ్గరికి వచ్చేసరికి, అది కూర్చున్న గదిలో తెలుగుకి పనే లేదు. మాన్యువలు ఇంగ్లీషు, ఇంటర్వ్యూ ఇంగ్లీషు, మెయిలు ఇంగ్లీషు. ఆ గదిలో సంగణకం అయినా ఎరుకమర అయినా బెంచి మీదే కూర్చోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "ఇంగ్లీషు కాబట్టే మనకి ఉద్యోగాలొచ్చాయి, మాతృభాషలో చదివితే వెనకబడతాం కదా?" మొదటి సగం నిజమే, నేను కాదనను. రెండో సగానికి మాత్రం ఫిన్లాండుని చూడండి. 1988లో ఔలు యూనివర్సిటీలో యర్క్కొ ఒయికరినెన్ ఐఆర్‌సీ రాశాడు. 1991లో హెల్సింకీలో లినుస్ తొర్వల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు (ఆయన స్వీడిష్ మాట్లాడే మైనారిటీవాడు, ఆయనదీ మాతృభాషలో చదువే). 1995లో తతు ఉలొనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశాడు. మనం రోజూ ప్రొడక్షన్ సర్వర్లలోకి లాగిన్ అయ్యేది దాంతోనే. వీళ్ళంతా ఇంగ్లీషు శుభ్రంగా నేర్చుకున్నారు. చిన్నప్పుడు బళ్ళో ఇంటి భాషలో నేర్చుకోవడం వాళ్ళకి అడ్డం రాలేదు.

వాళ్ళకి సొంత దేశం ఉంది, సొంత ప్రభుత్వం ఉంది, మన పరిస్థితి వేరు అంటారా, ఒప్పుకుంటాను. కానీ 1863లో వాళ్ళకీ సొంత దేశం లేదు. ఉన్నవి ఒక సాహిత్య సంఘం, కొన్ని బళ్ళు, రోగులకి అర్థమయ్యేలా రాయాలనుకున్న ముగ్గురు నలుగురు డాక్టర్లు. వాళ్ళు వృత్తిరీత్యా పండితులు కారు. తమ పనిని తమ జనం భాషలో చెప్పాలనుకున్న ఉద్యోగస్తులు. మనలాంటివాళ్ళే.

కాబట్టి "కంప్యూటరుకి తెలుగేమిటి?" అని కొట్టుకోవడం కొన్నాళ్ళు ఆపుదాం. కంప్యూటర్ అనే ఉంచుకున్నా నష్టం లేదు, వాళ్ళు బిత్తి ఉంచుకోలేదూ? దాని బదులు, మనం చేసే పని గురించి తెలుగులో ఒక్కో పేజీ రాద్దాం. డేటాబేసు ఎలా పనిచేస్తుందో, ఏటీఎంలో కార్డు పెడితే వెనక ఏం జరుగుతుందో, పదో తరగతి పిల్లాడికి అర్థమయ్యేలా. రాస్తుంటే ఎక్కడో ఒకచోట మాట అవసరమవుతుంది. అప్పుడు మర, బండి, పెట్టె, పట్టీ, ఇలా ఇంట్లో ఏముందో వెతుక్కుంటాం. అలా అవసరం కొద్దీ పుట్టిన మాట బతకడానికి అవకాశం ఎక్కువ.

మీ పనిలో రోజూ వాడే ఒక ఇంగ్లీషు మాట తీసుకుని, మీ ఊళ్ళో చదువుకునే తమ్ముడికో మేనకోడలికో అదేంటో తెలుగులో చెప్పి చూడండి. ఏ మాట దొరికిందో వ్యాఖ్యల్లో రాస్తే అందరం చూస్తాం.